తిరుపతి ఇళ్ళలో పీస్ లిల్లీ: ఏ మట్టి ఎవరికి సరిపోతుంది?

పీస్ లిల్లీ ఆకులు వాలిపోతే ఎవరైనా మొదట చేసే పని ఒక చెంబు నీళ్ళు పోయడం. ఎండిపోయి వాలిన మొక్కైతే కొన్ని గంటల్లో మళ్ళీ నిటారుగా లేస్తుంది. తడి ఎక్కువై, వేర్లు కుళ్ళి వాలిన మొక్కైతే ఆ చెంబుతో ఇంకా పాడవుతుంది. పైకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళలో చచ్చిపోయే పీస్ లిల్లీల్లో ఎక్కువ భాగం రెండో రకమేనని నా అభిప్రాయం. ఎండలు మండే ఊరు కదా అని నీళ్ళు ధారాళంగా పోస్తాం. కుండీలో మట్టి ఆ నీళ్ళను కిందికి వదలదు. వేర్లకు గాలి అందదు.

అందుకని మట్టి కొనే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఇంట్లో కుండీలకు నీళ్ళు పోసేది ఎవరు, ఎంత తరచుగా? ఆ నీళ్ళు ఎక్కడివి, బోరువా, మున్సిపాలిటీవా, ఆర్వోవా? ఈ రెండూ తేలితే ఏ మట్టి వాడాలన్నది చాలావరకు తేలిపోతుంది.

మొక్క గురించి ఒక్క మాట. ఇది చేమ, కంద కుటుంబానికి చెందింది. శాస్త్రీయ నామం స్పాతిఫిల్లమ్. మన ఇళ్ళలో కనిపించే రకాల పూర్వీకులు ఎక్కువగా మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగాల వానలడవుల నుంచి వచ్చినవే. అక్కడ పెద్ద చెట్ల నీడలో, రాలి కుళ్ళిన ఆకులు, పుల్లలు, బెరడు కలిసిన వదులైన పొరలో వేర్లు పరుచుకుని పెరుగుతుంది. ఆ పొర ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, కానీ నీళ్ళు నిలవవు, గాలి బాగా ఆడుతుంది. కుండీలో మనం ఏర్పాటు చేయాల్సింది అలాంటి పొరనే. మట్టి మట్టి అంటున్నాం గానీ, మంచి పీస్ లిల్లీ మిశ్రమంలో అసలు మట్టి ఏమీ లేకపోయినా పర్వాలేదు.

ఎర్రమట్టి, పశువుల ఎరువు

"ఏం మట్టి వేయాలన్నా?" అని నర్సరీలో అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ఇదే: "ఎర్రమట్టి సగం, ఎరువు సగం కలిపి పెట్టక్కా, ఏమీ కాదు." మందారం, బంతి, చామంతి, కరివేపాకు లాంటి వాటికి ఆ మాట నిజమే. చవక, చుట్టుపక్కలే దొరుకుతుంది, కుండీకి బరువు ఉండి గాలికి పడిపోదు. చిత్తూరు ప్రాంతపు ఎర్ర నేలల్లో ఇసుక పాలు ఉంటుంది కాబట్టి పొలంలో నీళ్ళు బాగానే ఇంకుతాయి. అందుకే వేరుశనగ అంత బాగా పండుతూ వచ్చింది.

పొలంలో పనికొచ్చే ఆ గుణం కుండీలో నిలవదు. పొలంలో వానపాములు, గడ్డి వేర్లు, దున్నకం ఆ నేలను ఎప్పటికప్పుడు గుల్ల చేస్తుంటాయి. ఎనిమిది అంగుళాల కుండీలో ఆ పని చేసేవాళ్ళు లేరు. రోజూ పోసే నీళ్ళకు సన్నటి రేణువులు కిందికి దిగి ఖాళీలను మూసేస్తాయి. కొన్ని నెలలకు పైన పెళ్ళ కడుతుంది, మధ్యలో గట్టి ముద్ద మిగులుతుంది. పోసిన నీళ్ళు మట్టికీ కుండీ గోడకూ మధ్య సందులోంచి జారిపోయి పళ్ళెంలో చేరతాయి. పళ్ళెం నిండింది కదా, మొక్క తాగేసింది అనుకుంటాం. పైగా పశువుల ఎరువు పూర్తిగా చివికి ఉండకపోతే గదిలో వాసన, పురుగులు.

అయినా ఎర్రమట్టిని పూర్తిగా తీసేయమని నేను చెప్పను. మొక్క వరండాలోనో, బాల్కనీ నీడలోనో ఉండి, వేసవిలో రోజుకొకసారి కూడా నీళ్ళు పోయడం కుదరని ఇల్లైతే, మిశ్రమంలో నాలుగో వంతు వరకు జల్లించిన ఎర్రమట్టి వేసుకోవచ్చు. తేమ కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. హాల్లోనో పడగ్గదిలోనో పెట్టే మొక్కకు మాత్రం వద్దు.

ఒట్టి కోకోపీట్

ఎర్రమట్టి వద్దనుకున్నవాళ్ళు వెళ్ళే రెండో దారి ఇది. ఐదు కిలోల ఇటుక నానబెడితే అరవై డెబ్భై లీటర్ల వరకు ఉబ్బుతుంది. తేలిక, శుభ్రం, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకు మోసుకుపోవడానికి సుఖం. కొత్తలో మొక్క కూడా బాగా లేస్తుంది.

దీనిలో మూడు చిక్కులున్నాయి. మొదటిది, పైపొర ఆరి లేత గోధుమ రంగుకు మారినా లోపల తడి అలాగే ఉంటుంది. పైకి చూసి నీళ్ళు పోసేవాళ్ళకు ఇది ప్రమాదం. రెండోది, కోకోపీట్‌లో పోషకాలు దాదాపు లేవు. కొన్నాళ్ళకు ఆకులు పాలిపోతాయి. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైంది ఉప్పు. కొబ్బరి పీచు పొట్టులో సహజంగానే సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. సరిగ్గా కడగని ఇటుక వాడి, దాని మీద మన బోరు నీళ్ళు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది. ఆకుల కొనలు గోధుమ రంగుకు తిరిగి ఎండడం అక్కడి నుంచే మొదలవుతుంది.

కొనేటప్పుడు కడిగినది లేదా 'లో ఈసీ' (అంటే ఉప్పు తక్కువ) అని రాసి ఉన్నది తీసుకోండి. అయినా ఇంట్లో ఒక రాత్రి బక్కెట్లో నానబెట్టి, గుడ్డలో వేసి పిండి, నీళ్ళు మార్చి మళ్ళీ నానబెట్టండి. ముదురు గోధుమ రంగులో వచ్చే నీళ్ళు లేత టీ రంగుకు వచ్చేదాకా కడిగితే చాలు. ఒట్టిగా మాత్రం వాడొద్దు. మిశ్రమంలో సగం లోపు ఉంటే అది తన పని చక్కగా చేస్తుంది.

ప్యాకెట్లో దొరికే పాటింగ్ మిక్స్

ఒకటో రెండో మొక్కలున్నవాళ్ళకు ఇది సులువు. ప్యాకెట్ మీద పేరు ఏదున్నా చేతిలోకి తీసుకుని చూడండి. తడిపి పిడికిట్లో నొక్కి వదిలితే ముద్దలా ఉండిపోతే అందులో ఎక్కువ భాగం సన్న కోకోపీట్, ఎరువే. వేలితో తాకగానే విడిపోతే మంచిది. నా చేతికి వచ్చినవాటిలో ఎక్కువ మొదటి రకానివే. వాటిని పారేయక్కర్లేదు. మూడు పాళ్ళ మిక్స్‌కు రెండు పాళ్ళు గరుకు పదార్థం (పెర్లైట్, కొబ్బరి పీచు ముక్కల లాంటిది) కలిపితే పీస్ లిల్లీకి పనికొస్తుంది.

ఇంట్లో కలుపుకునే మిశ్రమం

నా ఓటు దీనికే. పాళ్ళు ఇవి: కడిగిన కోకోపీట్ నాలుగు గ్లాసులు, కొబ్బరి పీచు ముక్కలు రెండు, పెర్లైట్ లేదా కాల్చిన ఊక రెండు, వర్మీకంపోస్ట్ ఒకటిన్నర, చిన్నగా కొట్టిన కట్టెల బొగ్గు గుప్పెడు. వేపపిండి ఒక చెంచా వేస్తే మంచిదే. వాసన పడనివాళ్ళు మానేయొచ్చు.

గరుకు పదార్థం ఏది వాడాలన్న దగ్గర చాలామంది తడబడతారు. కాస్త వివరంగా చెప్తాను. పెర్లైట్ అంటే వేడికి ఉబ్బించిన అగ్నిపర్వత రాయి. తేలిక, కుళ్ళదు, ఏళ్ళ తరబడి ఖాళీలను ఖాళీలుగానే ఉంచుతుంది. ధర ఎక్కువ, కలిపేటప్పుడు దుమ్ము లేస్తుంది కాబట్టి ముందు తడపాలి. కాల్చిన ఊక మనకు చవకైన ప్రత్యామ్నాయం. నల్లగా, పొట్టు ఆకారం చెడకుండా కాలినదే కావాలి. తెల్లటి బూడిదగా మారినది క్షార గుణం ఎక్కువ, సన్నం కూడా. అది ఖాళీలను మూసేస్తుంది. ఈ మొక్క 5.8 నుంచి 6.5 మధ్య పీహెచ్‌ను, అంటే కొద్దిగా ఆమ్ల గుణాన్ని ఇష్టపడుతుంది. కాబట్టి నల్ల ఊకనైనా ఒకసారి నీళ్ళతో కడిగి వాడడం మేలు.

పీచు ముక్కలకు డబ్బు పెట్టక్కర్లేదు. కొబ్బరి బొండాల బండి దగ్గర అడిగితే ఇస్తారు. ఎండిన డిప్పను అంగుళం ముక్కలుగా కోసి, నాలుగైదు రోజులు నీళ్ళలో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చండి. పచ్చి డిప్ప వద్దు, బూజు పడుతుంది. బొగ్గు ఇస్త్రీ బండి దగ్గర వాడేది లాంటి మామూలు కట్టెల బొగ్గే సరిపోతుంది. నల్లటి బొగ్గు ముక్కలే కావాలి, బూడిద కాదు.

ఇసుక వేయొచ్చా అని అడుగుతారు. గరుకుగా ఉండే ఏటి ఇసుకైతే కడిగి కొద్దిగా వేసుకోవచ్చు, కుండీ బరువెక్కుతుంది అంతే. ఇల్లు కట్టగా మిగిలిన ఎమ్-శాండ్ మాత్రం వేయకండి. అందులోని రాతి పొడి తడిసి అట్టకడుతుంది. వేరుశనగ పొట్టు ఈ వైపు సులువుగా దొరుకుతుంది కాబట్టి చాలామంది నేరుగా కలిపేస్తారు. అది కుండీలో కుళ్ళేటప్పుడు మొక్కకు అందాల్సిన నత్రజనిని వాడేసుకుంటుంది, చివికాక కుంగిపోతుంది కూడా. ముందు కంపోస్ట్ చేసి వాడితే బంగారం.

మిశ్రమం కుదిరిందో లేదో చూడ్డానికి ఒక పరీక్ష. కుండీ నింపి గ్లాసుడు నీళ్ళు పోయండి. పైన నిలవకుండా దిగిపోవాలి. పూర్తిగా తడిశాక మళ్ళీ పోస్తే నిమిషంలోపే కింది రంధ్రాల నుంచి కారడం మొదలవ్వాలి. పైన చెరువు కడితే ఇంకో గ్లాసు గరుకు పదార్థం కలపండి.

మట్టే లేకుండా, నీళ్ళలో

గాజు సీసాలో నీళ్ళలో పెంచడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పీస్ లిల్లీ దానికి బాగా అలవాటు పడుతుంది. వేర్లకు అంటిన మట్టి మొత్తం కడిగేసి, కుళ్ళిన వేర్లు కత్తిరించి, వేర్లు మాత్రమే మునిగేలా పెట్టాలి. కాడల మొదలు నీళ్ళలో మునగకూడదు. పాత వేర్లు కొన్ని పోతాయి, కొన్ని వారాల్లో నీళ్ళకు తగ్గ కొత్తవి వస్తాయి.

మన ఊళ్ళో దీనికి ఒక గట్టి షరతు ఉంది. నిలవ నీళ్ళంటే దోమలు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి వారం పది రోజులు చాలు. నాలుగైదు రోజులకొకసారి నీళ్ళు పారబోసి, సీసా లోపలి గోడలు తోమి, మళ్ళీ నింపగలిగే ఓపిక ఉంటేనే ఈ దారి. పూలు మట్టిలో పెరిగినంతగా రావు, ఎదుగుదల నెమ్మది. ఆఫీసు బల్ల మీద పెట్టుకోవడానికి బాగుంటుంది.

ఎవరికి ఏది

ఇంట్లో పెద్దవాళ్ళు ఉండి, పొద్దున్నే మొక్కలకు నీళ్ళు పోయడం రోజువారీ అలవాటైతే, ఇంటి మిశ్రమంలో గరుకు పాళ్ళు ఇంకొంచెం పెంచండి. కోకోపీట్ మూడు గ్లాసులకు తగ్గించి, పీచు ముక్కలు మూడు వేయండి. మట్టి కుండీలో పెట్టండి, గోడల గుండా కూడా తడి ఆరుతుంది. అమ్మమ్మను నీళ్ళు పోయొద్దని ఆపడం కంటే, ఎంత పోసినా నిలవని మట్టి ఇవ్వడం సులువు.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళి, ఆదివారం తప్ప మొక్కల వైపు చూడలేనివాళ్ళు ఇంటి మిశ్రమానికి మొదట చెప్పిన పాళ్ళనే ప్లాస్టిక్ కుండీలో వాడండి. లేదా కింద నీటి అర, ఒత్తి ఉండే సెల్ఫ్ వాటరింగ్ కుండీ తీసుకోండి. దానికి ఎర్రమట్టి అసలు పనికిరాదు, ఒత్తి పీల్చిన నీళ్ళతో బురదైపోతుంది. అందులో కూడా నీటి అర పూర్తిగా ఖాళీ అయ్యాక రెండు మూడు రోజులు ఆగి నింపితే వేర్లకు గాలి తగులుతుంది.

బోరు నీళ్ళు తప్ప వేరే దారి లేని ఇల్లైతే, కోకోపీట్ పాలు ఇంకా తగ్గించి పెర్లైట్ పెంచండి. ఉప్పు పట్టుకుని ఉండే పదార్థం ఎంత తక్కువైతే అంత సులువుగా కడిగేయొచ్చు.

నీళ్ళు ఎక్కడివి

తిరుపతిలో కొన్ని వీధులకు కల్యాణి డ్యామ్, తెలుగు గంగ నీళ్ళు కొళాయిలో వస్తాయి. చాలా అపార్ట్‌మెంట్లు మాత్రం లోతైన బోర్ల మీద నడుస్తాయి. గీజరులో, కుక్కర్ అడుగున తెల్లటి పొర కడుతోందంటే ఆ నీళ్ళు ఈ మొక్కకు అంత మంచివి కావు. కాచి చల్లార్చినా అందులోని సోడియం, క్లోరైడ్ లాంటి ఉప్పులు తగ్గవు. కొళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన ఉంటే ఒక రాత్రి బక్కెట్లో మూత లేకుండా ఉంచి పోయండి.

ఆర్వో ఉన్న ఇళ్ళలో ఒక జాగ్రత్త. వృథాగా పోతోందని ఆర్వో వదిలేసే నీళ్ళు బక్కెట్లో పట్టి మొక్కలకు పోస్తుంటారు. నీటిని వృథా చేయకూడదన్న ఆలోచన మంచిదే, కానీ పీస్ లిల్లీకి అది అన్నిటికంటే చెడ్డ నీళ్ళు. వడపోసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. దాన్ని నేల కడగడానికి వాడండి. ఏసీ నుంచి కారే నీళ్ళు దీనికి పూర్తిగా భిన్నం. అవి గాలిలోని తేమ చల్లబడి కారినవి కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు, ఏప్రిల్, మే నెలల్లో బక్కెట్లకు బక్కెట్లు వస్తాయి. వాన నీళ్ళు అంతకంటే మేలు. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అప్పుడు మూత గట్టిగా ఉన్న డ్రమ్ములో పట్టి పెట్టుకోండి.

రెండు నెలలకొకసారి కుండీని బాత్రూంలో పెట్టి, కుండీ పరిమాణానికి రెండు మూడింతల మంచి నీళ్ళు నెమ్మదిగా పోసి కిందికి పోనివ్వండి. పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. గుల్లగా ఉన్న మిశ్రమంలోనే ఇది సాధ్యం.

మామూలుగా నీళ్ళు పోయడానికి రోజులు లెక్కపెట్టొద్దు. వేలు రెండో కణుపు దాకా దించి చూడండి, పొడిగా తగిలితే పోయండి. లేదా కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటే దాహం వేసినట్టే. మే నెలలో రెండు మూడు రోజులకే ఆరిపోయే కుండీ, నవంబరు ముసురులో పది రోజులైనా తడిగానే ఉండొచ్చు.

కుండీ, చోటు, తిండి

కుండీకి కింద రంధ్రాలు తప్పనిసరి. రంధ్రం లేని సిరామిక్ కుండీ నచ్చితే, రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీని అందులో దించి పెట్టుకోండి. అడుగున గులకరాళ్ళ పొర వేస్తే నీళ్ళు బాగా దిగుతాయన్న మాట సరైంది కాదు. సన్నటి మిశ్రమం నుంచి నీళ్ళు రాళ్ళలోకి సులువుగా దిగవు. తడిగా నిలిచే పొర రాళ్ళ పైకి జరుగుతుంది, అంటే వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద చిన్న వల ముక్క చాలు. పాత కుండీ కంటే అంగుళం రెండంగుళాలు మాత్రమే పెద్దది తీసుకోండి.

చోటు విషయంలో మన ఊరికి ఒక్కటే నియమం: పడమటి ఎండ తగలకూడదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో మధ్యాహ్నం గాజు కిటికీ పక్క ఆకులు గంటలో మాడతాయి. తూర్పు లేదా ఉత్తరం కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరం బాగుంటుంది. కూలర్ గదిలో తేమ ఉంటుంది కాబట్టి మొక్కకు హాయే, గాలి నేరుగా కొట్టకుండా చూడండి. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది. అక్కడ కుండీ కింద గులకరాళ్ళు, నీళ్ళు ఉన్న పళ్ళెం పెట్టండి, కుండీ అడుగు నీటికి తగలకుండా.

ఎరువు ఎక్కువ అక్కర్లేదు. మూడు నెలలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్ట్, లేదా నెలకోసారి లీటరు నీళ్ళకు అర గ్రాము 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) చాలు. మే నెలలో, మొక్క నీరసంగా ఉన్నప్పుడు ఏదీ వేయొద్దు. బియ్యం కడిగిన నీళ్ళు, పుల్ల మజ్జిగ, టీ పొడి ఇంట్లో కుండీలో పోస్తే పులిసి, చిన్న నల్ల ఈగలు చేరతాయి. అవి పెరటి మొక్కలకు ఉంచండి.

కొన్నాక

నర్సరీ నుంచి తెచ్చాక పది పదిహేను రోజులు అదే కుండీలో నీడలో ఉంచి, తర్వాత మార్చండి. కొన్ని మొక్కల వేర్ల చుట్టూ జిగట మట్టి ముద్ద గట్టిగా ఉంటుంది. దాన్ని అలాగే కొత్త మిశ్రమంలో పెడితే ముద్ద ఒకలా, చుట్టూ ఉన్నది ఇంకోలా ఆరుతుంది. బక్కెట్ నీళ్ళలో నానబెట్టి, వేళ్ళతో మెల్లగా విడదీసి, చాలావరకు కడిగి నాటాలి. కోకోపీట్‌లో వచ్చిన మొక్కకు ఇంత పని లేదు. మార్చడానికి ఫిబ్రవరి మంచి కాలం. లేదంటే ఎండలు తగ్గిన జూలై తర్వాత. ఏప్రిల్, మేలలో, వేరు కుళ్ళిందని తేలితే తప్ప, కదపొద్దు. మార్చిన వారం ఆకులు వాలడం మామూలే. నీళ్ళు పోస్తూ పోకుండా, నీడలో ఉంచి ఆగండి.

కొన్నప్పుడు ఆరేడు పూలు ఉండి, తర్వాత నెలల తరబడి ఒక్కటీ రాకపోతే మట్టిని తప్పుపట్టొద్దు. పూలు ఒకేసారి రావడానికి పెంపకందారులు జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్ పిచికారీ చేయడం మామూలు. దాని ప్రభావం పోయాక మొక్క తన సహజ కాలానికి తిరిగి వస్తుంది. ఆకులు ముదురు ఆకుపచ్చగా ఉండి పూయకపోతే కిటికీకి ఒక అడుగు దగ్గరికి జరపండి. తెల్ల రేకు కొన్ని వారాలకు ఆకుపచ్చగా మారడం వయసు వల్లే. కాడను మొదలంటా కత్తిరించేయండి.

గాలి శుభ్రం చేస్తుందన్న ఆశతో కొనేవాళ్ళకు: 1989 నాటి నాసా అధ్యయనం మూసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో జరిగింది. మామూలు ఇంట్లో అదే ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు కావాలని తర్వాతి విశ్లేషణ తేల్చింది. అందం కోసం పెంచండి, గాలికి కిటికీ తెరవండి.

పాకే పిల్లలు, పిల్లి, కుక్క ఉన్న ఇళ్ళలో ఎత్తైన చోట పెట్టండి. ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కంద తరిగితే చేతులు దురద పెట్టేది కూడా వీటి వల్లే. నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. వెంటనే నోరు కడిగించి, చల్లటి నీళ్ళు తాగించండి. వాపు పెరుగుతున్నా, మింగడానికో ఊపిరి తీసుకోవడానికో ఇబ్బంది పడుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.